ఫిడేలు నాయుడుగారు

కీర్తిశేషులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరం నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగ నాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. ఆయన ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విశాఖపట్నం చేరింది. అందుచేత నాయుడుగారు మావారంటే మావారని విశాఖ వారూ, విజయనగరం వారూ అంటూ ఉంటారు. మద్రాసు వారికీ కొంత హక్కు ఉన్నది. సముద్రం దాటి వచ్చి మూడు తరాలైన మా బోటివారికి ఈ తగవుతో పనిలేదు, అందరి పక్షానా ఉంటాము. ఆయన ఇంటిపేరుకు అర్థమేమిటని మా సాయంకాలపు తెలుగు తరగతిలో అడిగితే పిల్లలు గది గుమ్మం వైపు చూపిస్తారు.

చిన్ననాటి నుంచీ ఆయనకు చూపు మందం. బడిచదువు సాగకపోవడానికి అదే కారణమని పెద్దలు చెప్పుకుంటారు. నల్లబల్ల మీది అక్షరం కనబడని పిల్లవాణ్ణి ముందు వరుసకు పిలవాలన్న ఆలోచన ఆనాటి బడుల్లో అరుదు. నలభై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పిన వాళ్లం కనుక ఈ మాట తేలికగా అనడం లేదు. వీడికి చదువు రాదని చిట్టాలో రాసెయ్యడం చాలా సులువు.

ఇంట్లో అన్నగారు ఫిడేలు వాయించేవారు. తమ్ముడు ఆ వాద్యాన్ని పట్టుకున్నారు. వీణకు 24 మెట్లుంటాయి, ఫిడేలుకు ఒక్కటీ ఉండదు. స్వరస్థానం ఎక్కడున్నదో చెవి చెబితే వేలు వినాలి, కంటితో పనిలేదు. మెట్లు లేని వాద్యం ఆయన చేతికే రావడం చూస్తే మాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక్కడ విజయనగరం కథ కొంచెం చెప్పాలి. మహారాజా విజయరామ గజపతిరాజుగారు 1919లో అక్కడ సంగీత కళాశాల స్థాపించారు. వారి ఆస్థానంలో చాగంటి జోగారావుగారని ఉండేవారు. ఆయన కుమారుడు అంధుడు, సంగీతమంటే ఆసక్తి గలవాడు. ఆ అబ్బాయి నేర్చుకోవడానికి ఒక చోటు కావలసి వచ్చింది. ఒక గురువుగారిని ఇంటికి పంపి, నెలనెలా జీతం ముట్టజెబితే మహారాజుగారి పని తీరిపోయేదే. అలా చెయ్యక కళాశాలనే తెరిచి, అందులో నలుగురికీ చోటిచ్చారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు అయ్యారు.

పాతికేళ్ల నాయుడుగారు ఆ కళాశాలకు విద్యార్థిగా చేరడానికే వెళ్లారట. ఆయన ఫిడేలు విన్నవారు విద్యార్థిగా కాదు, ఆచార్యులుగా ఉండమన్నారు. 1936లో నారాయణదాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. ఒక అంధ బాలుని కోసం పుట్టిన కళాశాలకు చూపు మందమైన విద్వాంసుడు పెద్ద కావడం ఎవరూ పథకం వేసి చేసింది కాదు. తలుపు ముందే తెరిచి ఉన్నది గనుక జరిగింది.

ఈ కథను ఈ సంచికలో రాయడానికి కారణం ఉన్నది. మన ఏషియన్ టౌన్ ఆరుబయలు రంగస్థలంలో ఆసనాలు మెట్లు మెట్లుగా పైకి పోతాయి. ఉత్సవానికి వచ్చే వారిలో మోకాళ్లు అరిగిన అమ్మమ్మలుంటారు, పనిలో గాయపడి కర్రలతో నడిచే తమ్ముళ్లుంటారు, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలుంటారు. వేదికను మాట్లాడేటప్పుడు మైకుల గురించీ దీపాల గురించీ అడిగేవారే అందరూ. బస్సు దిగిన చోటి నుంచి ర్యాంపు ఎంత దూరం, మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందా అని ముందుగా అడగడం మేము అరుదుగా విన్నాము. ఖతర్‌లో 2004లోనే ప్రత్యేకావసరాలు గలవారి కోసం చట్టం వచ్చింది. 2008లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఈ దేశం ఆమోదించింది. 2019లో మొదలైన దోహా మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అటు భారతదేశంలోనూ 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరొకటి వచ్చి, భవనాలూ బస్సులూ రైళ్లూ అందరికీ అందాలని చెబుతున్నాయి. అయినా అక్కడి రైలుపెట్టె మెట్టు ఇప్పటికీ ఎత్తే.

నాయుడుగారి రోజుల్లో ఈ చట్టాలేవీ లేవు. చూపు తక్కువైనవారు కచేరీకి ఊరు వెళ్లాలంటే ఎవరి చెయ్యో పట్టుకోవాలి, ఆ చెయ్యి దొరకకపోతే ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుల్లోనే ఆయన పక్కవాద్యమైన ఫిడేలును వేదిక నడుమకు తెచ్చారు. 1938లో వేలూరులో ఫిడేలు ఒక్కటే ప్రధానంగా కచేరీ చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదమిచ్చారు. పాశ్చాత్య విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట ఆయన వాద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జనం మాత్రం ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు.

బిరుదుల కంటె 1952 నాటి కచేరీ ఒకటి మాకు ఎక్కువగా తోస్తుంది. ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం ఆయన వాయించారు. తన కంటిచూపు గురించి ఊరూరా చెప్పుకున్న మనిషి కాదు ఆయన. అలాంటివారు ఆ ఒక్క పనికి విల్లు పట్టుకుని వేదిక ఎక్కారు.

1964 నవంబరు 25వ తేదీన ఆయన కీర్తిశేషులయ్యారు. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ వారు ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేశారు. విజయనగరంలో ఆ కళాశాల నేటికీ నడుస్తున్నది. సెలవులకు దేశం వెళ్లే కుటుంబాలు పిల్లలను తీసుకుని ఒక పూట అక్కడ ఆగవచ్చు, విశాఖ నుంచి పెద్ద దూరమేమీ కాదు.