నాదశోధకుడు చంద్రశేఖర వేంకట రామన్

విద్యార్థులారా! మన ఝరాసంగమున శివరాత్రి జాతరకు దూరమునుండి నడచి వచ్చువాని చెవికి మొట్టమొదట సోకునది డోలుదెబ్బ. కొంత సమీపించిన పిదప మనుష్యుల కంఠములు తెలియును. మరింత దగ్గరకు చేరినగాని తాళముల ఝణఝణలు స్పష్టముగ వినరావు. నేటి ఆడియో యంత్రములు చేయువారు ఈ మూటిని బేస్, మిడ్ రేంజ్, ట్రెబుల్ అని వ్యవహరింతురు. మన గాయకులు మంద్రము, మధ్యము, తారము అనునవియు నించుమించుగ నిట్టి విభాగమే. ఈ నాదరహస్యములను యౌవనమున శోధించి, పిమ్మట కాంతిశాస్త్రమున జగద్విఖ్యాతుడైన మహనీయుని చరిత్రము మీకు తెలియదగినది.

రామన్ 1888 సం॥ నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లికి సమీపమున తిరువానైక్కావలునందు జన్మించెను. 1892లో తండ్రి చంద్రశేఖర అయ్యరునకు విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలయందు ఉపాధ్యాయపదవి లభించుటచే ఆ బాలుడు తెలుగుసీమలో పెరిగెను. క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన సెంట్ అలోషియస్ పాఠశాలయందు చదివి, పదునొకండవయేట మెట్రిక్యులేషను జయించెను. తండ్రి ఫిడేలు వాయించువాడు. గణితమును, సంగీతమును ఒక్కయింటనే యుండుటచే, తంత్రి యేల మ్రోగునను ప్రశ్న ఆ బాలునికి సహజముగనే కలిగెను.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలయందు 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పట్టములు బడసి, ఆ యేటనే ప్రభుత్వ ఆర్థికశాఖలో నుద్యోగియై కలకత్తా చేరెను. అచట మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన విజ్ఞానపరిషత్తును చూచి, ఆఫీసునకు పోవుటకు ముందును, తిరిగి వచ్చిన పిమ్మటను అందు ప్రయోగములు చేయుచుండెను. జమాఖర్చుల లెక్కలకు పగలును, నాదమునకు తక్కిన కాలమును ధారపోసెను.

ఆయన శోధించిన దేమి? ధ్వని యనగా గాలియందలి కంపనము. సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను మానవకర్ణము గ్రహింపగలదు. సుమారు 250కి లోబడినవి మంద్రమనియు, అచటినుండి 4,000 వరకు మధ్యమనియు, అంతకు మించినవి తారమనియు స్థూలముగ చెప్పవచ్చును. సెకనుకు 100 కంపనములు గల ధ్వనితరంగము మూడు మీటర్లకు మించిన పొడవు గలది. 10,000 గలది మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. కావుననే మంద్రధ్వనికి పెద్ద డోలును, పెద్ద స్పీకరును కావలయును. తారధ్వనికి చిన్నది చాలును.

అయితే ఒక వాద్యము ఒక్క కంపనమునే పుట్టింపదు. మూలధ్వనితోకూడ దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగము గల యనుధ్వనులు వెలువడును. వీణయు ఫిడేలును ఒకే స్వరమును పలికినను మనము వేర్వేరుగ గుర్తించుట ఈ యనుధ్వనుల పాళ్లనుబట్టియే. తారధ్వనులను పూర్తిగా తీసివేసినచో మంద్రస్వరము కూడ తన స్వరూపమును కోల్పోవును.

సాధారణ చర్మవాద్యమునం దీ యనుధ్వనులు సరియైన గుణిజములుగ నుండవు. మూలధ్వని ఒకటియైనచో తరువాతివి 1.59, 2.14, 2.30 ఈ రీతిగ నుండును. అందుచే డోలు శబ్దమేగాని స్వరము కానేరదని పాశ్చాత్యశాస్త్రజ్ఞులు తలచిరి. మన మృదంగమును, తబలాను ఇందుకు భిన్నములని రామన్ గ్రహించెను. శివకాళీకుమార్ అను సహచరునితో 1920లో నేచర్ పత్రికయందును, మరల 1934లో సవిస్తరముగను ఆయన దీనిని ప్రకటించెను. చర్మముపై సన్నని యిసుక చల్లి మ్రోగించినప్పుడు, కదలని రేఖలవెంట నది పేరుకొనును. అట్లు చూడగా, నడుమ దట్టించిన నల్లని కరణి బరువుచే చర్మము కంపనములు సవరింపబడి, మొదటి యైదు గుణిజములు సరిగా పలుకుచున్నవని తేలెను. గ్రంథములయందు పేరైనలేని మన వాద్యకారులు చేతితోను చెవితోను సాధించిన విద్యకు ఇట్లు శాస్త్రపీఠమున గౌరవము దక్కెను.

తంబురా, వీణల మెట్టు వంపుగా నుండుటచే, మీటిన చోట లోపింపవలసిన యనుధ్వనులు సైతము పలుకుచున్నవని 1921లో తెలిపెను. ఫిడేలు తంత్రిపై కమాను ప్రభావమును కొలుచుటకు, యంత్రముచే వాయింపబడు ఫిడేలును నిర్మించెను.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయము ఆచార్యపదవి నొసగగా ఆయన యెదుట రెండు దారులు నిలిచెను. సర్కారు కొలువున అధికారమును, గొప్ప జీతమును గలవు. ఆచార్యపదవియందు జీతము దాదాపు సగమే. ఆయనకు భార్యయు సంసారమును గలవు. అయినను కొలువును విడిచి విద్యనే వరించెను. ఆ త్యాగము లేకున్నచో తరువాతి కథ యుండెడిది కాదు. 1928 ఫిబ్రవరి 28వ తేదీన రామన్ ఎఫెక్టు వెల్లడి యయ్యెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన మన తెలుగువాడు సూరి భగవంతము 1928లో ఆయన శిష్యకోటిలో జేరి, అనంతరము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను.

రామన్ 1933లో బెంగుళూరు చేరి, 1948లో తన పేర పరిశోధనాలయమును నెలకొల్పి, 1954లో భారతరత్న బిరుదము నంది, 1970 నవంబరు 21న పరమపదించెను.

బాలబాలికలారా! మృదంగము మధ్యనున్న నల్లని మచ్చను వేలకొలది జనులు చూచిరి. అది యేల యున్నదని రామన్ యడిగెను. మీ యింటనున్న వస్తువునుగూర్చి మీరును అట్లే యడుగుడు. జవాబు దొరకువరకు విడువకుడు.