న్యాయస్థానాల మెట్లపై పి.వి. చివరి సంవత్సరాలు

2000 సెప్టెంబరు 29న ఢిల్లీలోని ప్రత్యేక న్యాయస్థానం 79 ఏళ్ల పాములపర్తి వెంకట నరసింహారావును లంచం కేసులో దోషిగా నిర్ధారించింది. అక్టోబరు 12న మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. క్రిమినల్ కేసులో శిక్ష పడిన తొలి భారత మాజీ ప్రధాని ఆయనే. తొమ్మిదేళ్ల క్రితం దివాలా అంచున ఉన్న దేశాన్ని గట్టెక్కించిన నాయకుడు, బెయిలు మీద బయట ఉండి పైకోర్టు నిర్ణయం కోసం నిరీక్షించవలసి వచ్చింది.

పి.వి. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించారు. కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలోని కుటుంబానికి దత్తత వెళ్లారు. హైదరాబాద్ సంస్థాన విమోచనోద్యమంలో పాల్గొన్నారు. 1957 నుంచి రెండు దశాబ్దాల పాటు మంథని నియోజకవర్గానికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించారు. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో భూసంస్కరణలకు పట్టుబట్టారు. ఆ సంస్కరణల నుంచి తన కుటుంబాన్ని మినహాయించుకోలేదు. వందల ఎకరాల సొంత భూమిని వదులుకున్నారు. విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించిన సాహిత్యవేత్త కూడా ఆయనే.

కేంద్రంలో విదేశాంగ, హోం తదితర శాఖలు నిర్వహించి, 1991లో రాజకీయాల నుంచి విరమించుకునే ఆలోచనలో ఉన్నారు. అంతలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పి.వి. ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశారు. విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి అది. జులై 24న ప్రకటించిన పారిశ్రామిక విధానం లైసెన్సుల పద్ధతిని చాలావరకు తొలగించింది. ప్రభుత్వ రంగానికి కేటాయించిన పరిశ్రమల జాబితా నుంచి ఉక్కు బయటకు వచ్చింది. భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, ఆ పట్టణం పక్కనే ఉన్న హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని ప్రైవేటు మిల్లులకూ ఆ నిర్ణయంతో కొత్త పోటీ యుగం మొదలైంది.

అయితే ఆ ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. పి.వి. కష్టాలకు మూలం అక్కడే ఉంది. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానం 251కి వ్యతిరేకంగా 265 ఓట్లతో వీగిపోయింది. గెలుపు తేడా 14 ఓట్లు. ఝార్ఖండ్ ముక్తి మోర్చాకు చెందిన నలుగురు సభ్యులకు, జనతాదళ్ నుంచి చీలిన మరికొందరికి డబ్బు ముట్టజెప్పి ఆ ఓట్లు సంపాదించారన్న ఆరోపణపై తరువాత సి.బి.ఐ. కేసు నడిచింది.

1996 ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడింది. పి.వి. మాత్రం నంద్యాలలోనూ, ఒడిశాలోని బ్రహ్మపురంలోనూ గెలిచారు. ఆ ఏడాదే కేసులు చుట్టుముట్టాయి. విదేశాంగ మంత్రిగా ఉన్న రోజుల్లో, కాగితపు గుజ్జు కాంట్రాక్టు ఇప్పిస్తామని చెప్పి చంద్రస్వామి తన వద్ద లక్ష డాలర్లు తీసుకున్నారని, అందులో పి.వి.కి ప్రమేయం ఉందని ఇంగ్లండ్‌లో స్థిరపడిన పచ్చళ్ల వ్యాపారి లఖూభాయ్ పాఠక్ ఆరోపించారు. వి.పి. సింగ్ కుమారుడికి సెయింట్ కిట్స్ ద్వీపంలో బ్యాంకు ఖాతా ఉన్నట్లు నకిలీ పత్రాలు సృష్టించారన్నది మరో కేసు. జె.ఎం.ఎం. కేసు మూడవది. సెప్టెంబరులో ఆయన కాంగ్రెస్ అధ్యక్ష పదవిని, ఏడాది చివర పార్లమెంటరీ పార్టీ నాయకత్వాన్ని వదులుకున్నారు. 1998లో పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు.

సెయింట్ కిట్స్ కేసులో తగిన సాక్ష్యం లేదని 1997లోనే న్యాయస్థానం ఆయనను తప్పించింది. జె.ఎం.ఎం. కేసు మాత్రం రాజ్యాంగ చర్చగా మారింది. సభలో వేసిన ఓటుకు సభ్యులను న్యాయస్థానంలో ప్రశ్నించరాదన్న 105వ అధికరణం ఆధారంగా, లంచం తీసుకొని ఓటు వేసినవారికి రక్షణ ఉంటుందని 1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు ధర్మాసనం 3-2 మెజారిటీతో తీర్పు చెప్పింది. లంచం ఇచ్చినవారికి ఆ రక్షణ లేదన్నది. ఫలితంగా తీసుకున్నట్లు ఆరోపణ ఉన్నవారు విచారణ నుంచి బయటపడగా, ఇచ్చినట్లు ఆరోపణ ఉన్న పి.వి., బూటా సింగ్ బోనులో మిగిలారు. 2000లో శిక్ష పడినది ఈ కేసులోనే.

మాజీ ప్రధానికి ప్రభుత్వ నివాసం, భద్రత, పింఛను ఉంటాయి. న్యాయవాదుల ఫీజులు మాత్రం సొంతంగా చెల్లించుకోవాలి. మూడు కేసులను ఏళ్ల తరబడి నడపడం పి.వి.కి తలకు మించిన భారమైంది. ఆ ఫీజుల కోసం హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఇంటిని అమ్మివేయాలని ఆయన తలచినట్లు, ఆయనకు ఆత్మీయుడైన ఐ.ఎ.ఎస్. అధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ తరువాత వెల్లడించారు. ఢిల్లీ మోతీలాల్ నెహ్రూ మార్గ్‌లోని నివాసానికి సందర్శకులు తగ్గిపోయారు. పి.వి. కంప్యూటర్ ముందు కూర్చొని రాసుకున్నారు. ఆయన నవల ది ఇన్‌సైడర్ 1998లో వెలువడింది. అయోధ్యపై రాసిన గ్రంథం మరణానంతరం వచ్చింది.

2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు శిక్షను రద్దు చేసింది. అప్రూవర్‌గా మారిన ఎం.పి. సాక్ష్యం నమ్మదగినది కాదని తేల్చింది. 2003 డిసెంబరు 22న పాఠక్ కేసు కూడా కొట్టివేతకు గురై, పి.వి. పూర్తిగా నిర్దోషిగా బయటపడ్డారు. అప్పటికి ఆయన వయసు 82. ఏడాది తరువాత, 2004 డిసెంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో కన్నుమూశారు. పార్థివదేహానికి ఏ.ఐ.సి.సి. కార్యాలయంలోకి ప్రవేశం దక్కలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ తీరాన జరిగాయి.

రెండు దశాబ్దాల తరువాత, 2024 మార్చి నెలలో ఆయన పేరు రెండు సార్లు జాతీయ వార్త అయింది. 4న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 1998 నాటి తీర్పును ఏకగ్రీవంగా తోసిపుచ్చి, లంచం తీసుకున్న చట్టసభ్యులకు రక్షణ లేదని ప్రకటించింది. 30న పి.వి.కి మరణానంతరం ప్రకటించిన భారతరత్నను రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన కుమారుడు అందుకున్నారు.

పి.వి.పై ఉన్న అభియోగాల్లో ఒక్కటీ చివరకు న్యాయస్థానంలో నిలవలేదు. సాక్ష్యం చాలనందువల్ల కేసు వీగిపోవడం వేరు, 1993 నాటి ఆ ఓటింగ్‌పై ప్రజల సందేహం తీరడం వేరు. ఆ చర్చ నేటికీ ముగియలేదు. దేశాధినేతను సైతం సామాన్యుడిలా విచారించగలగడం చట్టానికి గౌరవమే. కానీ ఆ విచారణ తేలడానికి ఏడేళ్లకు పైగా పట్టింది. ఆరోపణ నిజమైతే దేశానికి, అబద్ధమైతే నిందితుడికి, ఆ జాప్యం ఎటు చూసినా నష్టమే మిగిల్చింది. నిర్దోషిగా పి.వి. బతికినది ఒక్క సంవత్సరం.