చార్లెసు బాబేజి

లాగరిథముల పట్టికను పై తరగతుల విద్యార్థులందఱును ఎఱుగుదురు. అందలి అంకెలను ఎవరు కట్టిరో, అవి తప్పు కావని యెట్లు తెలియునో అడిగినవారిని మాత్రము మేము ఎక్కువగా చూడలేదు. ఆ ప్రశ్ననే జీవితమంతయు విడువక పట్టుకొనిన గణితశాస్త్రవేత్త చార్లెసు బాబేజి.

ఇతడు 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లండనులో జనించెను. తండ్రి బ్యాంకు వ్యాపారి. ఇంట కలిమికి లోటు లేదు. 1810లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చేరునప్పటికే గణితమును తనంతట తాను చాల చదివి యుండెను. అచ్చటి గురువులు తన సందేహములను తీర్పజాలకపోవుట చూచి నిరాశపడెను.

1821లో స్నేహితుడగు హెర్షెలుతో కూడి ఖగోళ పట్టికలను సరిచూచుచుండగా తప్పుమీద తప్పు బయల్పడెను. విసిగి, ఈ లెక్కలు ఆవిరిచే జరిగిన నెంత బాగుండునని బాబేజి యనెను. ఆ మాట నవ్వులాట కాదు. ఆ కాలమున నావికుడు నడిసముద్రములో తన యోడ యున్న చోటును పట్టికలను బట్టియే తెలిసికొనవలెను. ఒక్క అంకె తప్పినను ప్రాణాపాయము కలుగవచ్చును. తప్పు లెక్కించువాని చేత పుట్టును, ప్రతి వ్రాయువాని చేత పుట్టును, అచ్చు కూర్చువాని చేతను పుట్టును. కావున యంత్రము లెక్కించుటయే కాక అచ్చునకు వలయు దిమ్మను గూడ తానే సిద్ధపఱుపవలెనని అతని పట్టుదల. అతని యోచనలన్నిటిలో మాకు మిక్కిలి గొప్పదిగా తోచున దిదియే.

ఒక సంఖ్యను దానిచేతనే గుణించి, ఆ సంఖ్యను మరల కలిపి, 41 చేర్చుడు. 0, 1, 2, 3, 4లకు క్రమముగా 41, 43, 47, 53, 61 వచ్చును. వీని భేదములు 2, 4, 6, 8. ఆ భేదముల భేద మెల్లప్పుడును 2. ఇక గుణకారముతో పనిలేదు. 8కి 2 కూడిన 10, 61కి 10 కూడిన 71. పలకమీద ఇంకను కొంతదూరము చేసి చూడుడు. 1822లో బాబేజి చేసిన చిన్న నమూనా ఈ పట్టికనే లెక్కించెను. దీనికి భేదయంత్రమని పేరు. అంతకుముందే ఫ్రాన్సులో ప్రోనీ యను ఇంజనీరు పెద్ద పట్టికలను కట్టించుటకు పనివారిని మూడు వర్గములుగా విభజించి యుండెను. కొలదిమంది గణితజ్ఞులు సూత్రములను ఎంచిరి; మఱికొందఱు వానిని అంకెలలోనికి దింపిరి; తక్కిన అఱువది ఎనుబదిమందియు కూడికలు, తీసివేతలు మాత్రమే చేసిరి. ఈ కడపటివారి స్థానమున పండ్లచక్రములను నిలుపవచ్చునని బాబేజి గ్రహించెను.

1823లో ప్రభుత్వము ధనసహాయము చేయ మొదలిడెను. 1827లో తండ్రియు, భార్యయు మరణించిరి. మరుసటి యేడు, పూర్వము న్యూటను కూర్చుండిన ఆచార్య పీఠము లభించెను. ఆ పదవిలో 1839 వఱకు ఉండియు ఒక్క ఉపన్యాసమైన నీయలేదు; ఉపాధ్యాయులమగు మే మిది మెచ్చజాలము. 1832లో యంత్రములో ఒక భాగము మాత్రము పూర్తియై చక్కగా పనిచేసెను. ఆ పిమ్మట పనివాడగు క్లెమెంటుతో తగవు వచ్చి పని నిలిచెను. 1842లో, 17,000 పౌండ్లకు పైగా వ్యయమైన తరువాత, ప్రభుత్వము చేయి విడిచెను.

తప్పంతయు ప్రభుత్వముదే యనుటకు మాకు మనసొప్పదు. 1834 నుండియే బాబేజి మఱియొక యంత్రమును కలగనుచు, మొదటిదానికంటె నది మేలని తానే చెప్పుచుండెను. అయినను ఆ రెండవ యోచన అద్భుతమైనది. ఫ్రెంచివాడగు జకార్డు మగ్గములో చిల్లులు పొడిచిన అట్టలు ఏ దారము లేవవలెనో నిర్ణయించును. అట్టి యట్టలే యంత్రమునకు ఏ లెక్క చేయవలెనో చెప్పును. సంఖ్యలు నిలువయుండుటకు ఒక కొట్టు, లెక్క జరుగుటకు ఒక మిల్లు వేఱువేఱుగా నుండును. 1843లో అడా లవ్‌లేసు అను విదుషీమణి దీనిని గూర్చి వివరణములు ప్రకటించి, బెర్నూలీ సంఖ్యలను ఇది యెట్లు లెక్కింపగలదో చూపెను. నేటి కంప్యూటరు లక్షణములు కొన్ని యిందు కానవచ్చును. యంత్రము మాత్రము కాగితములమీదనే నిలిచిపోయెను.

తప్పు అంకెలు వేసినను యంత్రము సరియైన ఫలితము నిచ్చునాయని పార్లమెంటు సభ్యులు ఇరువురు వేర్వేఱు సమయములయం దడిగిరట! 1864లో అచ్చయిన స్వీయచరిత్రలో బాబేజి దీనిని వ్రాసికొనెను. ఆ గ్రంథమందే ఇట్టి యంత్రము పుట్టిననాడు శాస్త్రముల గమనమే మాఱుననియు, ఏ మార్గమున లెక్కించిన స్వల్పకాలమున ఫలితము వచ్చునో శాస్త్రజ్ఞులు విచారింపవలసి వచ్చుననియు తెలిపెను. ఆ విచారణ కిప్పుడు ఒక ప్రత్యేక గణితశాఖయే కలదు. వీధి వాద్యకాండ్రతో అతని పోరాటములు వ్రాసిన నింకొక వ్యాసమగును, వానిని విడిచెదము.

1871 అక్టోబరు 18వ తేదీన బాబేజి లండనులో మరణించెను. భారతదేశమున సైన్యములో పనిచేసిన కుమారుడు హెన్రీ, తండ్రి యంత్రపు మిల్లులో కొంతభాగమును తరువాత నిర్మించెను. 1847 మొదలు 1849 వఱకు బాబేజి గీచిన రెండవ భేదయంత్రపు పటములను అనుసరించి, లండనులోని సైన్సు మ్యూజియమువారు ఆతని ద్విశతాబ్ది సంవత్సరమగు 1991లో లెక్కించు భాగమును నిర్మించిరి. అది ముప్పదియొక్క స్థానముల సంఖ్యలను తప్పులేక లెక్కించెను. అచ్చువేయు భాగము 2002లో ముగిసెను.