యువాన్ మెయ్ – ఒక తేనీటి కథ

చైనా దేశపు ఆగ్నేయభాగంలో ఫూజియన్ అనే రాష్ట్రం ఉన్నది. దాని వాయవ్యపు అంచున ఉన్న వూయీ పర్వతాలు తేయాకుకు ప్రసిద్ధి పొందినవి. నిట్టనిలువు శిలల నడుమ, కొద్దిపాటి మట్టిలో వేళ్లు నిలుపుకొని అక్కడి మొక్కలు పెరుగుతాయి. 1786వ సంవత్సరం శరదృతువులో ఒక వృద్ధకవి ఆ కొండలెక్కాడు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై సంవత్సరాలు. దారిపొడవునా ఆశ్రమాలలోని సన్యాసులు పోటీలుపడి ఆయనకు తేనీరు అందించారు. చిత్రమేమంటే వూయీ తేనీరంటే ఆయనకు ఏనాడూ గిట్టేది కాదు. చిక్కగా, చేదుగా, కషాయం మింగినట్లు ఉంటుందని ఆయన చాలాకాలంగా అంటూ వచ్చాడు. ఆ కవి పేరు యువాన్ మెయ్. చింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో చైనాలో ఆయన పేరు వినని చదువరి లేడు.

యువాన్ మెయ్ 1716లో హాంగ్‌జౌ నగరంలో జన్మించాడు. ఆ నగరం పశ్చిమ సరోవరానికీ, లోంగ్‌జింగ్ అనే పచ్చని తేయాకుకూ పుట్టినిల్లు. వారిది పండితవంశమే గాని సంపన్న కుటుంబం కాదు. తండ్రి దూరప్రాంతాలలో అధికారుల వద్ద సహాయకుడుగా పనిచేస్తూ ఎప్పుడో గాని ఇల్లు చేరేవాడు కాదు. వైధవ్యం పొంది పుట్టింటికి చేరిన మేనత్త ఆ బాలునికి తొలి చదువు చెప్పింది. పుస్తకాలంటే అతనికి ప్రాణం. కొనడానికి డబ్బు లేదు. ఇంటికి సమీపంలోనే పుస్తకాలు పుష్కలంగా ఉన్న ఒక సంపన్నుని ఇల్లు ఉండేది. అడిగితే వారు ఇవ్వలేదు. ఇంటికి వచ్చి పడుకుంటే కలలో కూడ ఆ పుస్తకాలే కనిపించేవట. పెద్దవాడై, సొంత గ్రంథాలయం కలవాడైన తరువాత, పుస్తకం అడిగిన ఒక పేద విద్యార్థికి అరువిస్తూ ఆయన ఈ సంగతినే ఒక వ్యాసంగా వ్రాశాడు.

ఆ రోజులలో చైనాలో ఉద్యోగానికి ముఖ్యమైన దారి పరీక్షే. యువాన్ మెయ్ పన్నెండవ ఏటనే తొలిమెట్టు దాటాడు. 1739లో, ఇరవై మూడేళ్ల వయస్సులో, రాజధానిలో జరిగే అత్యున్నత పరీక్షలో నెగ్గి హన్లిన్ విద్యాపీఠంలో చోటు సంపాదించాడు. అయితే పాలకులు మంచూ జాతివారు. విద్యాపీఠంలోని యువపండితులలో కొందరు ఆ పాలకుల భాషను కూడ నేర్వవలసి ఉండేది. చైనీయ కవిత్వంలో అందెవేసిన చేయి అయిన యువాన్ మెయ్‌కు మంచూ భాష మాత్రం పట్టుబడలేదు. 1742లో ఆ పరీక్షలో తప్పాడు. దానితో రాజధాని కొలువు పోయి, దక్షిణాన చిన్న చిన్న పట్టణాలకు పాలనాధికారిగా వెళ్లవలసివచ్చింది.

ఆ పనిలో ఆయన మంచిపేరే తెచ్చుకున్నాడు. తండ్రికి మాత్రం కుమారుని సామర్థ్యంపై అనుమానముండేదట. పేరు చెప్పకుండా ఆ ఊరికి వచ్చి, దారిలో కనిపించినవారిని కొత్త అధికారి ఎలాంటివాడని విచారించాడనీ, జనం మెచ్చుకోలు విన్న తరువాతనే కొడుకు ఇంటి గడప తొక్కాడనీ చెబుతారు. పేరు ఎంత వచ్చినా పై అధికారుల రాకపోకలకు ఎదురేగడం, వంగివంగి నమస్కరించడం ఆయన స్వభావానికి సరిపడలేదు. 1748లో నాన్‌జింగ్ నగరంలోని ఒక గుట్టపై పాడుబడిన తోటను కొన్నాడు. ముప్పై మూడేళ్లకే ఉద్యోగం వదలుకున్నాడు. తరువాత కొద్దికాలం మళ్లీ కొలువులో చేరినా, తండ్రి మరణంతో తిరిగివచ్చి ఇక ఆ వైపు చూడలేదు. ఆ తోటకు స్వేయువాన్ అని పేరు. వెనుకటి యజమాని ఇంటిపేరును పలికే ధ్వనిని మార్చకుండా, ‘అనుసరించుట’ అనే అర్థమిచ్చే అక్షరాన్ని అక్కడ చేర్చాడు. నేల వాలును అనుసరించి కట్టడాలు, నీటి పారుదలను అనుసరించి వంతెనలు వెలిశాయి. తోట చుట్టూ గోడ లేదు. ఊరివారెవరైనా వచ్చి తిరిగిపోవచ్చు.

ఈ తోటలోనే ఆయన జీవితంలోని అతి పెద్ద దుఃఖం కూడ చోటుచేసుకున్నది. యువాన్ మెయ్ చెల్లెళ్లలో యువాన్ జీ అనే ఆమె ఉండేది. చిన్ననాడు అన్నాచెల్లెళ్లు కలిసి కీచురాళ్లను పట్టేవారు. చలికాలం వచ్చి అవి చనిపోతే ఇద్దరూ కలిసి పూడ్చిపెట్టేవారు. అన్న పాఠం చదువుతుంటే ఆమె పక్కన కూర్చుండి వినేది. పతివ్రతల కథలు, ఆడినమాట తప్పని వారి కథలు ఆమె మనస్సులో నాటుకున్నాయి. ఏడాదైనా నిండని వయస్సులోనే ఆమెకు ఒక కుటుంబంలో సంబంధం నిశ్చయమయింది. ఆమె పెరిగి పెద్దదైన తరువాత, వరుని వారే అతడు దుర్మార్గుడనీ, పెళ్లి మానుకొమ్మనీ తెలియజేశారు. ఆమె ఒప్పుకోలేదు. మాట ఇచ్చిన తరువాత మరొకరి ఇంట అడుగుపెట్టనని పట్టుబట్టి ఆ ఇంటికే వెళ్లింది. భర్త ఆమెను కొట్టాడు. పుట్టింటివారిచ్చిన సొమ్మును జూదంలో తగలేశాడు. చివరకు అప్పు తీర్చడానికి ఆమెనే అమ్మజూపాడు. ఆమె ఎలాగో తండ్రికి కబురంపగా, ఆయన న్యాయాధికారిని ఆశ్రయించి ఆమెను విడిపించి తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆమె మాటలు రాని కూతురితో అన్న తోటలోనే కాలం గడిపింది. భర్త మరణవార్త విన్న మరుసటి ఏడాది, 1759లో, ఆమె కన్నుమూసింది. ఆ సమయానికి యువాన్ మెయ్ యాంగ్‌జౌలో ఉన్నాడు. పరుగున వచ్చినా ప్రాణం పోయిన కొన్ని గంటలకు గాని ఇల్లు చేరలేకపోయాడు.

ఆమె కోసం ఆయన వ్రాసిన శోకవచనం చైనీయ సాహిత్యంలో ఆ కోవకు చెందిన రచనలలో మిన్నగా పేరొందింది. అందులో ఆయన ఒక భయంకరమైన సంగతిని ఒప్పుకున్నాడు: చెల్లెలు ఆ గ్రంథాలు చదవకపోయి ఉంటే ఇంత కఠినంగా మాటకు కట్టుబడి ఉండేది కాదేమో! తాను చదువుతూ ఉండగా పక్కన కూర్చున్నందుకే ఆమె జీవితం బలి అయిందన్న బాధ అది. మరొకరైతే స్త్రీకి చదువే తగదని తేల్చివేసేవారు. ఆ కాలపు పెద్దలు చాలామంది అన్నది అదే. యువాన్ మెయ్ మాత్రం ముసలితనంలో దానికి విరుద్ధంగా నడిచాడు.

తోటలో ఆయన కలంతోనే జీవించాడు. సమాధి శాసనాలు, ప్రశంసావ్యాసాలు వ్రాయించుకోవడానికి ధనికులు వచ్చి మంచి పారితోషికాలిచ్చేవారు. మనస్సులోని సహజమైన భావమే కవిత్వానికి ప్రాణమనీ, ప్రాచీనులను అనుకరించడం వృథా అనీ ఆయన వాదించాడు. దయ్యాల కథలను కూడ సంపుటాలుగా కూర్చాడు. వీటన్నిటితోపాటు భోజనం! ఎవరి ఇంటనైనా ఒక వంటకం బాగున్నదంటే, తన వంటవానిని ఆ ఇంటికి శిష్యునిగా పంపి నేర్చుకొని రమ్మనేవాడు. నలభై ఏళ్లు ఈ పని సాగింది. వాంగ్ షియావుయూ అనే తన వంటవాడు మరణించినప్పుడు, ఒక పండితునికి వ్రాసినంత గౌరవంగా అతని జీవితచరిత్ర వ్రాశాడు.

నలభై ఏళ్ల ఆ సేకరణ 1792లో పాకగ్రంథంగా వెలువడింది. అందులో తేనీటిని గురించిన భాగం చిన్నదే, కాని ప్రతిమాటా అనుభవంలో నుంచి వచ్చినది. ఆకును ఒకేచోట కుప్పగా ఉంచరాదు. నాలుగేసి లియాంగుల చొప్పున, అంటే మన లెక్కలో సుమారు 150 గ్రాముల వంతున, చిన్న కాగితపు పొట్లాలు కట్టి సున్నం ఉన్న జాడీలో దాచాలి. సున్నం తేమను పీల్చుకుంటుంది గనుక పదిరోజులకొకసారి దానిని మార్చాలి. మూతికి కాగితం బిగించి కట్టాలి. లేకపోతే వాసన పోతుంది, రంగు మారుతుంది. నీటిని పెద్దమంట మీద కాచి, మరుగు రాగానే ఆకుపై పోయాలి. మరుగు మించితే నీటి రుచి చెడుతుంది. మరుగు తగ్గిన తరువాత పోస్తే ఆకు తేలిపోతుంది. దిగిన వెంటనే తాగాలి. హాంగ్‌జౌలో పుట్టి పెరిగినవారు కూడ పదవి రాగానే ఆకును మరిగించి, నెత్తురులాంటి ఎర్రని చేదునీరు తాగడం మొదలుపెడతారని ఆయన ఎద్దేవా చేశాడు. పాలు, చక్కెర చేర్చి పొంగులు వచ్చేదాకా మరిగించే మన ఇంటి తేనీటిని చూస్తే ఏమనేవాడో!

ఇటువంటి మనిషి వూయీ కొండపై సన్యాసుల ఎదుట కూర్చున్నాడు. గిన్నెలు అక్రోటు కాయంత, కూజా మాదీఫలమంత. ఒక్కసారి పోసినది ఒక లియాంగు, అంటే సుమారు 37 గ్రాములు కూడ ఉండదు. అంత కొంచెం కావడంతో గటుక్కున మింగడానికి మనసొప్పలేదు. మొదట వాసన చూశాడు. తరువాత నాలుకపై నిలిపి, నెమ్మదిగా నమిలినట్లు రుచి చూశాడు. నిర్మలమైన పరిమళం ముక్కును తాకింది, నాలుకపై తీపి మిగిలింది. రెండవ గిన్నె, మూడవ గిన్నె తాగేసరికి మనస్సులోని తొందర, గర్వం సద్దుమణిగినట్లు తోచింది. తన ఊరి లోంగ్‌జింగ్ తేనీరు స్వచ్ఛమైనదే గాని పలుచనిదని ఆనాడే ఆయనకు అర్థమయింది. ఒకటి స్ఫటికమైతే మరొకటి పచ్చరాయి. అదే ఆకుపై మూడుసార్లు నీరు పోసినా రుచి ఇంకా మిగిలే ఉన్నది. డెబ్బై ఏళ్ల వయస్సులో, రుచుల విషయంలో దేశమంతా ప్రమాణంగా భావించే వ్యక్తి, తాను పొరబడ్డానని ఒప్పుకొని పుస్తకంలో వ్రాసుకున్నాడు. ఆ ఒప్పుకోలు వల్లనే నేటికీ ఆ పుటలను చదువుతున్నారు.

ఆయన చూసినది, తరువాత గోంగ్‌ఫు తేనీరుగా ప్రసిద్ధి కెక్కిన పద్ధతికి తొలి వర్ణనలలో ఒకటి. గోంగ్‌ఫు అంటే ఇక్కడ యుద్ధవిద్య కాదు, శ్రమించి సాధించిన నేర్పు. ఫూజియన్‌లోను, దాని పొరుగున ఉన్న చావుజౌ ప్రాంతంలోను ఈ పద్ధతి వేళ్లూనింది. చిన్న మట్టికూజాను వేడినీటితో కడిగి, అందులో విరగని ఆకును ధారాళంగా వేసి, మరిగే నీరు పోసి, కొన్ని క్షణాలలోనే వంచివేస్తారు. గిన్నెలను ఒకదానికొకటి ఆనించిపెట్టి, కూజాను వాటిపై చుట్టూ తిప్పుతూ పోస్తారు. లేకపోతే మొదటి గిన్నెలో పలుచనిది, చివరి గిన్నెలో చిక్కనిది పడుతుంది. నేడు వూయీ ఆకు ఒక్కొక్క కూజాకు సరిపోయేలా సుమారు 8 గ్రాముల చిన్నపొట్లాలలో కూడ అమ్ముడుపోతున్నది. సున్నపు జాడీ అవసరం తీరిపోయింది గాని, గాలి తగలకుండా కొలత ప్రకారం దాచుకొనే బుద్ధి పాతదే.

కొండ దిగిన తరువాత కూడ యువాన్ మెయ్ విశ్రమించలేదు. 1790లో హాంగ్‌జౌ పశ్చిమ సరోవరం ఒడ్డున తన శిష్యురాండ్రను సమావేశపరచి వారి కవితలను దిద్దాడు. 1796లో వారి కవితా సంకలనాన్ని అచ్చు వేయించాడు. ఝాంగ్ షూచెంగ్ అనే ప్రసిద్ధ చరిత్రకారుడు ఆయన స్త్రీలను చెడగొడుతున్నాడని ఘాటుగా ఖండించాడు. పెక్కుమంది ఉపపత్నులను స్వీకరించిన మనిషి కావడంచేత ఆయన నడవడిలో వేలెత్తి చూపడానికి చోటు లేకపోలేదు. అయినా చదువు వల్ల చెల్లెలిని పోగొట్టుకున్నానని కుమిలిన అన్న, పరాయి ఆడపిల్లల చేతికి కలమిచ్చి వారి పేర్లతోనే పుస్తకం వేయించాడన్నది తుడిచివేయరాని వాస్తవం.

ఆయనకు అరవై మూడవ ఏట కొడుకు పుడతాడనీ, డెబ్బై ఆరవ ఏట మరణం వస్తుందనీ ఒక జ్యోతిష్కుడు చెప్పాడు. మొదటి మాట నిజమయింది. అందుచేత రెండవదానికి సిద్ధపడి, తన మరణంపై ముందుగానే పద్యాలు వ్రాసి ఇమ్మని మిత్రులను కోరాడు. వారు వ్రాశారు. ఆయన మాత్రం మరణించలేదు. పాకగ్రంథం వెలువడింది ఆ మరుసటి సంవత్సరమే! చివరకు చైనీయుల లెక్కలో ఎనభై రెండవ ఏట తనువు చాలించాడు. అతిథులు వచ్చినప్పుడు తానింకా బ్రతికి ఉన్నాడనిపించేటట్లు తోటను ఊడ్చి శుభ్రంగా ఉంచాలనీ, అలా ముప్పై ఏళ్లు నిలిపితే చాలుననీ కుమారులను కోరాడు. అది యాభై ఏళ్లకు పైగా నిలిచింది. 1853లో తైపింగ్ తిరుగుబాటుదారులు నాన్‌జింగ్ నగరాన్ని ఆక్రమించిన తరువాత ఆ గుట్టను చదును చేసి వరి నాటారు.