తెమలని ఆట – మాక్స్ యూవే

పాఠశాలలో గణితం బోధిస్తూనే చదరంగంలో జగజ్జేత అయినవాడు మాక్స్ యూవే. ఈ డచ్చి మేధావి 1901 మే 20న ఆమ్‌స్టర్‌డామ్ చెంతనున్న వాటర్‌గ్రాఫ్స్‌మేర్‌లో జన్మించినాడు. 1926లో గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక బాలికల విద్యాలయంలో ఉపాధ్యాయుడైనాడు.

చదరంగంలో ఒక పాత చిక్కు ఉన్నది. ఇరుపక్షాలవారూ పావులను ముందుకూ వెనుకకూ జరుపుతూ కూర్చుంటే ఆట ఎన్నటికీ తెమలదు. తూర్పు ఆసియాలోని గో ఆటకూ ఇదే బెడద. ఒకరి రాయిని మరొకరు పట్టుకొనుట అదే చోట అంతులేక సాగకుండా, వెంటనే తిరిగి పట్టరాదన్న ‘కో’ నియమాన్ని అక్కడ ఏర్పరచుకొన్నారు. చదరంగంలో జర్మన్ నియమమనేది ఒకటి ఉండేది. ఎత్తుల వరుస ఒకటి వెంటవెంటనే మూడుమార్లు వస్తే ఆట సమానమని దాని సారాంశం. పైకి అది నిర్దుష్టంగానే కనిపించేది.

యూవే ఆ నియమాన్ని గణితజ్ఞుని కంటితో పరీక్షించినాడు. సున్న వ్రాసి, దాని ప్రక్కన దానికి విపర్యయమైన ఒకటిని చేర్చాలి. వచ్చిన 01కి విపర్యయం చేరిస్తే 0110. మరల చేరిస్తే 01101001. ఇట్లు ఎంత పెంచినా ఏ ఖండమూ వెంటవెంటనే మూడుమార్లు రాదు. సున్న వచ్చినచోట ఒక వైపు గుర్రాలు, ఒకటి వచ్చినచోట రెండవ వైపు గుర్రాలు వెళ్ళి తిరిగి వస్తే చాలు. నియమం ఎక్కడా తప్పదు, ఆటా ముగియదు. 1929లో ఆయన దీనిని ప్రకటించినాడు. ఆక్సెల్ థూయే, మార్‌స్టన్ మోర్స్ అనే గణితజ్ఞులు ఈ వరుసను ముందే కనుగొన్నారు. వారి కృషి ఎరుగకయే యూవే దానిని స్వయంగా సాధించినాడు.

లోపమెక్కడ? ఆ నియమం ఎత్తుల వరుసను చూచినదే గాని, బల్లపై స్థితిని చూడలేదు. స్థితులు అసంఖ్యాకంగా తోచినా వాటికి పరిమితి ఉన్నది. అంతులేని ఆటలో ఏదో ఒక స్థితి మరల మరల రాక తప్పదు. కనుక స్థితిని లెక్కించే నియమానికి అట్టి ఆట చిక్కక మానదు. నేటి చదరంగంలో ఒకే స్థితి మూడవమారు వస్తే ఆటగాడు సమానఫలితం కోరవచ్చును. 2014 నుండి, అయిదవమారు వస్తే కోరకున్నను ఆట సమానమే. గోలో కొన్ని నియమావళులు బల్లపై పూర్వస్థితి మరల ఏర్పడే ఎత్తునే నిషేధిస్తాయి. మొదటి పద్ధతి ఆటను ఆపుతుంది. రెండవది ఆటగానిచేత క్రొత్త దారి వెదికిస్తుంది.

1935లో యూవే అలేఖిన్‌ను 30 ఆటల పోటీలో 15½–14½ తేడాతో ఓడించి జగజ్జేత అయినాడు. ఓడినవానికి మరల అవకాశమిచ్చి, 1937లో ఆ బిరుదును కోల్పోయినాడు. 1970 నుండి 1978 వరకు ప్రపంచ చదరంగ సమాఖ్యకు అధ్యక్షుడుగా ఉండి, 1981 నవంబరు 26న కన్నుమూసినాడు.

అందరూ సరియే అనుకొన్న నియమాన్ని సున్న, ఒకటి అనే రెండే గుర్తులతో తూచి చూపినాడు. అట్టి పరీక్షకు నల్లబల్లా, సుద్దముక్కా చాలును.