వ్యాయామానికి హద్దు చెప్పిన హకీం - బూ అలీ సీనా

వెయ్యేళ్ళ కిందటి మాట. బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ మంచం పట్టారు. ఆస్థాన వైద్యులకు దారి తోచలేదు. పద్దెనిమిదేళ్ళు నిండని ఒక యువకుణ్ణి పిలిపించారు. పాలకుడు కోలుకున్నాక ఆ యువకుడు కోరింది ఒక్కటే: రాజ గ్రంథాలయంలో చదువుకునే అనుమతి. అతనే ప్రపంచం బూ అలీ సీనాగా ఎరిగిన ఇబ్నె సీనా.

ఆయన క్రీ.శ. 980లో (హిజ్రీ 370) బుఖారా దగ్గరి అఫ్షనా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. పదేళ్ళకే ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. పదహారేళ్ళకే రోగులను చూశారు. తర్వాత రాజ్యాలు కూలిపోతుంటే ఊరూరా తిరిగారు. హమదాన్‌లో మంత్రి పదవి చేశారు, కోటలో ఖైదీగానూ ఉన్నారు. అన్ని కష్టాల్లోనూ కలం వదలలేదు. ఆయన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి, ఐరోపా విద్యాలయాల్లో వందల ఏళ్ళు పాఠ్యగ్రంథంగా నిలిచింది. మన యునానీ హకీములకు అది నేటికీ మూలగ్రంథం. గుండె మందుల మీద ఆయన వేరుగా ఒక పుస్తకం కూడా రాశారు.

మందుల గురించే కాదు, వ్యాయామం గురించి కూడా ఖానూన్‌లో వివరంగా ఉంది. మనిషి తన ఇష్టంతో చేసే, శ్వాసను లోతుగా, వడిగా ఆడించే కదలికనే ఆయన వ్యాయామమన్నారు. తిన్నది అరిగాకే మొదలుపెట్టాలి. ముందూ వెనకా ఒంటిని మర్దన చేసుకోవాలి. ముఖం తేటగా, కదలిక తేలికగా ఉన్నంతసేపే చేయాలి. ఆ కళ తగ్గగానే ఆపాలి. బలహీనులకు ఊయల, పడవ ప్రయాణం వంటి మెత్తని కదలికలు చాలన్నారు. అందరికీ ఒకే కొలత పనికిరాదన్నది ఆయన బోధ.

నేటి వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. మాట తెగిపోతుంటే తగ్గించాలి. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవారు, ఏళ్ళ తరబడి కదలని వారు ముందుగా డాక్టరును అడగాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంత చెప్పిన ఆ మహావైద్యుడు తన విషయంలో మాత్రం హద్దు పాటించలేదు. పగలు పాలకుల కొలువు, రాత్రి రచన, బోధన. విశ్రాంతి కరువైంది. ఇస్ఫహాన్ పాలకుడి వెంట సైన్యంతో వెళ్ళినప్పుడు కడుపుశూల పట్టుకుంది. త్వరగా తేరుకోవాలన్న ఆత్రంలో ఒకే రోజు ఎనిమిదిసార్లు ఎనిమా తీసుకున్నారని, దాంతో పేగులు పుండుపడ్డాయని ఆయన శిష్యుడు జూజ్జానీ రాశారు. పూర్తిగా కోలుకోకుండానే మళ్ళీ ప్రయాణం కట్టారు. క్రీ.శ. 1037 (హిజ్రీ 428) రంజాన్ మాసంలో హమదాన్‌లో కన్నుమూశారు. అప్పటికి అరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన సమాధి నేటికీ అక్కడే ఉంది.

ఆయన్ను బలిగొన్నది గుండెజబ్బు కాదు. అయినా ఆ జీవితం మనకొక పాఠం. తెలియడం వేరు, పాటించడం వేరు. ఆరు నెలలు కదలకుండా కూర్చుని, ఒక ఉదయం హఠాత్తుగా పరుగు లంకించుకోవడం కూడా ఆ ఆత్రమే. రేపు ఫజర్ తర్వాత మీ ఇంటి పెద్దలను వెంటబెట్టుకుని పది నిమిషాలు నడవండి. వచ్చే వారం పదిహేను చేయండి. శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దాన్ని నెమ్మదిగా, నిత్యం కాపాడుకుందాం.