పుస్తకాన్ని పల్లెదాకా నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య

నవంబరు 14 అనగానే మనలో పెద్దవాళ్ళకి నెహ్రూ గారి పుట్టినరోజు, బళ్ళో పంచిన మిఠాయిలు గుర్తుకొస్తాయి. మన ఊళ్ళలో గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేది కూడా ఆ రోజే. రెండూ ఒకే తేదీన పడ్డాయి గానీ, వారోత్సవాలకి కారణం వేరే ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో దేశంలోని గ్రంథాలయాల వారంతా కలిసి మొట్టమొదటి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరుపుకున్నారు. ఆ సభ వెనుక పట్టు విడవకుండా పనిచేసినవారిలో ముఖ్యులు ఒక తెలుగు మనిషి, అయ్యంకి వెంకటరమణయ్య గారు. తెలుగునాట గ్రంథాలయోద్యమ పితామహుడని ఆయనకి పేరు. మన పిల్లలకి ఆయన సంగతి చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ఆయన 1890 జూలై 24న తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. ఆయన ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1907లో, వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ కోస్తా ఊళ్ళలో ఉపన్యాసాలిస్తూ మచిలీపట్నం వచ్చారు. ఆ మాటలు విన్న ఎందరో కుర్రవాళ్ళు దేశం కోసం ఏదైనా చెయ్యాలని బయలుదేరారు. వెంకటరమణయ్య గారు వాళ్ళలో ఒకరు. ఆయన ఎంచుకున్న దారి మాత్రం పుస్తకాల దారి.

మొదట పత్రికతో మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళు నిండకముందే, 1910లో, ఆంధ్రభారతి అనే మాసపత్రిక నడిపారు. ఆధునిక తెలుగు కథకి బాట వేసిందని పేరుపడ్డ గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు అచ్చయింది ఆ సంవత్సరం ఆ పత్రికలోనే. అయితే పత్రిక వేసినంత మాత్రాన అది చదివేవాళ్ళు ఉండాలి కదా! 1911 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి దాదాపు ఆరుగురే. ఆ ఆరుగురిలోనూ పుస్తకం కొనుక్కోగలిగినవాళ్ళు ఎందరు?

ఊరూరా గ్రంథాలయం ఉండాలన్న పట్టుదలకి మూలం ఇదే. అప్పటికే తెలుగునాట అక్కడక్కడ మంచి గ్రంథాలయాలు వెలిశాయి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఉంది. కానీ ఎవరికి వారే, ఎక్కడికక్కడే. ఒక ఊరివాళ్ళు నేర్చుకున్నది ఇంకో ఊరికి తెలిసేది కాదు. వీటన్నిటినీ ఒక తాటి మీదికి తేవాలని 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ జరిపారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే పుట్టింది. అటువంటి సంఘం భారతదేశంలో అదే మొదటిదని చెబుతారు. అప్పటికి వెంకటరమణయ్య గారికి ఇంకా ఇరవై నాలుగేళ్ళు నిండలేదు!

సంఘం తరఫున ఆయన గ్రంథాలయ సర్వస్వము అనే పత్రికను నడిపారు. గ్రంథాలయాల గురించే ఒక తెలుగు పత్రిక అన్నమాట. కార్యకర్తలకి శిక్షణ తరగతులు పెట్టారు. గ్రంథాలయ యాత్రలు చేశారు. తీర్థయాత్రకి వెళ్ళినట్టు బృందాలుగా కలిసి పాటలు పాడుతూ ఊరినుంచి ఊరికి వెళ్ళడం, ఉన్న గ్రంథాలయాన్ని చూడడం, లేనిచోట పెట్టించడం. చదువు రానివాళ్ళకి గ్రంథాలయం దేనికని ఎవరైనా అడగవచ్చు. చదువు వచ్చిన ఒక్కడు అరుగు మీద కూర్చుని పత్రిక పైకి చదివితే, చుట్టూ చేరినవాళ్ళంతా వినేవారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళకి ఆ తరువాత చదువుకోవడానికి ఏదో ఒకటి అందకపోతే, నేర్చుకున్న అక్షరాలు కూడా మరిచిపోతారు. ఈ చివరి మాట మనం గుర్తుపెట్టుకోవాలి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆయన వేసిన దారిలో ఎందరో నడిచారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు సంఘానికి పెద్ద దిక్కయ్యారు. పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకి పంపించారు. పడవ రేవుకి వస్తే గ్రంథాలయం వచ్చినట్టే! 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో అదే మొదటిది. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి చాలా ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ చట్టం చేశారు. ఇంటి పన్నులో రూపాయికి కొన్ని పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే పద్ధతి అక్కడ అలా స్థిరపడింది. క్రైస్ట్‌చర్చ్‌లో మనం కౌన్సిల్‌కి కట్టే రేట్స్‌లోంచి లైబ్రరీలు నడుస్తున్నాయి కదా, అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే. అందరూ కలిసి కొంచెం వేసుకుంటే అందరికీ పుస్తకం.

భారత ప్రభుత్వం 1972లో వెంకటరమణయ్య గారికి పద్మశ్రీ ఇచ్చింది. 1979 మార్చి 7న, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

పిల్లలూ, ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మన అప్పర్ రిక్కార్టన్ లైబ్రరీ మీ అందరికీ తెలుసు. అది ఊరి లైబ్రరీ, రిక్కార్టన్ హైస్కూలు లైబ్రరీ కూడా. తాతగార్లూ, హైస్కూలు అక్కయ్యలూ ఒకే అలమర ముందు నిలబడే చోటు. ఊళ్ళో ప్రతివాళ్ళకీ పుస్తకం అందాలని వెంకటరమణయ్య గారు తిరిగారే, అటువంటి చోటు మీకు నడిచివెళ్ళే దూరంలో ఉంది. అయితే పుస్తకం ఉండడం వేరు, దాన్ని వెతికి పట్టుకోవడం వేరు. అలమర మీద ఉండే అంకెలు చూశారా? అది మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన పద్ధతి. 993 అంటే న్యూజిలాండ్ చరిత్ర. 800లు సాహిత్యం, అందులో 894.827 మన తెలుగు సాహిత్యం. ప్రపంచంలో ఆ పద్ధతి పాటించే ఏ లైబ్రరీలోనైనా తెలుగు సాహిత్యానికి చిరునామా అదే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇండెక్స్ అని చెప్పుకునేది కూడా ఇటువంటిదే. గదంతా వెతక్కుండా నేరుగా ఆ చోటికి వెళ్ళడం.

కంప్యూటర్‌లో వెతకడానికి కూడా నేర్పు కావాలి. అందుకు వెంకటరమణయ్య గారి పేరే మంచి పరీక్ష. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు కొన్నిచోట్ల ఏ అక్షరంతో, కొన్నిచోట్ల ఐ అక్షరంతో మొదలవుతుంది. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి ఆగిపోతే సగం సమాచారం తప్పిపోతుంది. తెలుగులో టైపు చేస్తే ఇంకొన్ని దొరుకుతాయి. ఇంటికి వెళ్ళాక మూడు రకాలుగానూ వెతికి చూడండి. దొరికినవాటిని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్ళకెలా తెలుసు? గూగుల్ చూపించినా, కృత్రిమ మేధ చక్కగా వాక్యాలు పేర్చి చెప్పినా, ఈ మూడు ప్రశ్నలు అడగకుండా స్కూలు ప్రాజెక్టులోకి ఎక్కించకండి. వెంటనే దొరికిందల్లా నిజం కాదు. నిజం మొదటి పేజీలోనే ఉండాలనీ లేదు.

ఇక తల్లిదండ్రులకి ఒక మాట. మన పిల్లలు వారాంతంలో వచ్చి అఆలు, గుణింతాలు, ఒత్తులు ఎంతో కష్టపడి నేర్చుకుంటున్నారు. తరువాత చదవడానికి ఇంట్లో తెలుగు పుస్తకం లేకపోతే, హైస్కూలుకి వచ్చేసరికి ఆ అక్షరాలు చెదిరిపోతాయి. రాత్రి బడి నుంచి ఇంటికి వెళ్ళిన రైతుకి వందేళ్ళ క్రితం వచ్చిన కష్టమే మన పిల్లలకీ వస్తుంది. అప్పుడు వాళ్ళు చేసిన వైద్యమే మనమూ చేద్దాం. ఇండియా వెళ్ళినప్పుడు బట్టలతో, పచ్చళ్ళతో పాటు ఒక్క పిల్లల కథల పుస్తకం తెచ్చుకుందాం. ఇంట్లో చదివాక బడికి ఇద్దాం. ఒక నోటుబుక్కులో పుస్తకం పేరు, తీసుకున్న పిల్లల పేరు, తేదీ రాసుకుంటే చాలు, గ్రంథాలయం మొదలైనట్టే. ఆ నోటుబుక్కు చూసే బాధ్యత పిల్లలకే అప్పగిద్దాం. పుస్తకాలకి అంకెలు వెయ్యడం, వరసలో సర్దడం, ఎవరు తిరిగి ఇవ్వలేదో అడగడం వాళ్ళే నేర్చుకుంటారు. వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి చేసిన పనికి అది మన వంతు అవుతుంది.